ఒడ్డు కానరాని చోట చిన్న ఇంజను

ఈ మాసపు వ్యాసము పేరు చూచి సభ్యులలో కొందఱు నవ్వుకొందురని యెఱుగుదును. పెద్దవంగరకును సముద్రమునకును సంబంధ మేమి? కాకినాడ రేవు మనకు దారివెంట మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. మన చెరువులలో చేపలు పట్టు సోదరులు తెప్పమీదనో పుట్టిమీదనో పోయి, వల తీసికొని, ప్రొద్దెక్కునప్పటికి గట్టు చేరుదురు. వారికి మోటారుతో పని లేదు.

అయినను మన గ్రామములలో మందు కొట్టెడు పెట్రోలు యంత్రములును, కాలువగట్టున నిలిపిన డీజిలు ఇంజనులును ఎంతెంత చిన్న దోషములకై తొఱ్ఱూరు బజారునకు మోయబడుచున్నవో చూచినప్పుడెల్ల, పదునైదేండ్ల క్రిందట కాకినాడ తీరమున నేను మూడు రాత్రులు గడపిన యొక చిన్న నావ నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ నావలోని మువ్వురు జాలరులకు తొఱ్ఱూరు బజారు లేదు. మోటారు ఆగినచో దానిని వారే లేపవలెను. లేదా తెడ్లు పట్టవలెను. కావున వారు మోటారును చూచు తీరు వేఱు. ఆ తీరు మన రైతునకు పనికివచ్చునని తోచి దీనిని వ్రాయుచున్నాను.

ఔట్‌బోర్డు మోటారనగా నావ వెనుక చెక్కకు బిగించి, పని ముగిసిన పిమ్మట విప్పి భుజముమీద మోసికొని పోదగిన చిన్న యంత్రము. పైని ఇంజను, నడుమ నిలువు కడ్డీ, నీటిలో పంకా. ఇంతియే దాని స్వరూపము. నార్వే దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అనునతడు 1909వ సంవత్సరమున ఇట్టి మోటారులను అమ్మకమునకు తెచ్చి వాటికి వ్యాప్తి కల్పించెను. మన తెలుగు తీరమున తెరచాపతోను తెడ్లతోను నడచుచుండిన నావలకు 1980వ దశకమునుండి మోటారులు హెచ్చుగా తగిలింపబడినవి. నేడు పొడవైన తోకవంటి కడ్డీ గల డీజిలు ఇంజనులును అచట విరివిగా నున్నవి. నే నెక్కిన నావకు మాత్రము ఎనిమిది గుఱ్ఱముల బలము గల టూస్ట్రోకు మోటారుండెను. అది పెట్రోలుతో లేచి, వేడెక్కిన తరువాత కిరసనాయిలుతో నడచునది. మనము గాసునూనె యనుదానినే వారు కిరసనాయి లందురు.

నావలో పెద్దవాడు అరువదేండ్లవాడు. తక్కిన యిద్దఱు అతని కొడుకును మేనల్లుడును. మూడు దినములకు సరిపడు మంచుగడ్డ, బియ్యము, మంచినీరు, వలలు, నూనె డబ్బాలు ఎక్కించిరి. నన్ను చుట్టముగా కూర్చుండబెట్టిరేగాని, నేను ఊరకుండలేక చిన్న చిన్న పనులలో చేయి పెట్టుచుంటిని. దాని ఫలము త్వరలోనే కనబడినది.

రెండవనాటి ఉదయమున గాలి కొంచెము హెచ్చి, అలల తుంపర నూనె తొట్టిమీద పడుచుండెను. తొట్టి మూతకు నడుమ నొక చిన్న మర యుండెను. అది సడలియున్నది కదా, ఉప్పునీరు లోనికి పోవునేమోయని యెవ్వరిని అడుగక దానిని గట్టిగా బిగించితిని. కొంత సేపు మోటారు చక్కగా నడచెను. పిమ్మట గొంతు పట్టుకొన్నట్లు రెండు మూడు మాఱులు తడబడి ఆగిపోయెను. కుఱ్ఱవాడు తాడు లాగెను. లేచినట్లే లేచి మరల ఆగెను. నావ అలలకు అడ్డము తిరుగజొచ్చెను. అడ్డము తిరిగిన నావలో కూర్చున్నవానికి కడుపులో నేమగునో నేను వర్ణింపను.

పెద్దవాడు కుఱ్ఱవానిని తాడు లాగవలదనెను. ముందుగా తెడ్డుతో నావ ముక్కును గాలికి త్రిప్పించి, చిన్న లంగరు వేయించి, అప్పుడు మోటారువద్దకు వచ్చెను. అతడు మోటారు మూత తీయనేలేదు. తొట్టినుండి మోటారునకు పోవు రబ్బరు గొట్టము నడుమనుండు బుడ్డిని చేతితో పట్టి చూచెను. అది చప్పగా అంటుకొని పోయియుండెను. వెంటనే తొట్టి మూతమీది మరను త్రిప్పెను. బుస్సుమని గాలి లోనికి పోయెను. బుడ్డిని నాలుగుసార్లు పిసికి తాడు లాగగా రెండవ లాగునకే మోటారు పలికెను.

“ఎవరు బిగించారిది?” అని అతడడుగగా నేనే యని ఒప్పుకొంటిని. అతడు కోపింపలేదు. “బాబుగారూ, ఊపిరాడకపోతే మనిషే పడిపోతాడు, ఇంజను పడిపోదా?” అని మాత్రమనెను.

తొట్టిలోనుండి నూనె బయటికి పోయినకొలది ఆ చోటునకు గాలి రావలెను. గాలి రాకున్నచో లోపల ఈడ్పు ఏర్పడి నూనె కదలదు. మందు కొట్టెడు యంత్రము మూతకును ఇట్టి సన్నని రంధ్రము కలదు. అది దుమ్ముతోను మందుపొడితోను పూడుకొనిపోయినచో యంత్రము పది నిమిషములు నడచి ఆగును. మూత తీసి మరల పెట్టగా ఇంకొక పది నిమిషములు నడచును. ఇట్టి దోషమునకు కార్బురేటరు మార్పించుకొని వచ్చినవారిని నే నెఱుగుదును. చీపురు పుల్ల చాలియుండెడిది.

ఆ రాత్రి లంగరు వేసికొనియుండగా పెద్దవాడు తన వరుసను నాకు చెప్పెను. మోటారు ఆగగానే మూడింటిని అడుగవలెను: నూనె వచ్చుచున్నదా, నిప్పు పుట్టుచున్నదా, గాలి ఆడుచున్నదా. ఒకటి తేలిన పిమ్మటనే రెండవదానికి పోవలెను. కంగారుపడి అన్నియు ఒక్కసారి విప్పినవానికి ఏది దోషమో యెన్నటికిని తెలియదు. విప్పిన మరలలో నొకటి సముద్రములో పడును. తాను మోటారు మూత తీయుటకు ముందు దాని క్రింద తడిగోనె పఱచునట. జాఱిన మర అందులో చిక్కుకొనును. పొలమున ఇంజను విప్పువారు ఈ గోనె సంగతి గమనింపవలెను. మన నల్లరేగడి మట్టిలో పడిన చిన్న మర సముద్రములో పడినదానికంటె మేలుగా దొరకదు.

నూనెనుగూర్చి కొంత విస్తరించి చెప్పుదును. సముద్రముమీద ఆగిన మోటారులలో పెక్కింటికి కారణము నూనెలో చేరిన నీరే యని అతని యనుభవము. నేను చదివిన మిషను పాఠశాలలో మా విజ్ఞానశాస్త్రపు మాష్టారొకరు గాజుగ్లాసులో గాసునూనె పోసి, దానిలో చెంచాడు నీరు విడిచి, నీరు ముత్యములవలె అడుగునకు దిగుట చూపిరి. పెద్దవాడు పాఠశాల మొగము చూచినవాడు కాడు గాని అదే పరీక్ష నిత్యము చేయుచుండెను. డబ్బా మార్చునప్పుడు అడుగుననున్న నూనెను తెల్లని సీసాలో పట్టి వెలుతురునకు ఎత్తి చూచును. అడుగున గీత కనబడినచో ఆ సీసాడు నూనెను వేఱుగా పెట్టి, తక్కినదానిని సన్నని గుడ్డ వేసిన గరాటుగుండ వడియగట్టి పోయును. డబ్బాలను నిండుగా నింపి యుంచును. సగము ఖాళీగానున్న డబ్బాలో రాత్రి చల్లదనమునకు తేమ చెమ్మగిలి నీరగును. పొలముగట్టున డీజిలు డబ్బాను మూతలేక వదలి, వాన వెలిసిన తరువాత దానినే ఇంజనులో పోయు మన సోదరులు ఈ సంగతి మనస్సునందుంచుకొనవలెను. డీజిలు ఇంజనులో నీరు చేరినచో ఆగుటయే గాక, ఇంజెక్టరు తుప్పుపట్టి వేల రూపాయలు ఖర్చగును.

టూస్ట్రోకు మోటారునకు వేఱుగా ఇంజనాయిలు గది లేదు. నూనెలో కలిపిన ఆయిలే దాని కీళ్లకు జిడ్డు. లీటరు పెట్రోలునకు ఇరువది మిల్లీలీటర్ల టూస్ట్రోకు ఆయిలు కలుపుట నేడు పెక్కు మోటారులకు సాధారణమైన కొలత. పాతవాటికిని కిరసనాయిలు మోటారులకును ఇంకను హెచ్చుగా కావలసియుండును. యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము. ఫోరుస్ట్రోకు యంత్రములకు ఇట్లు కలుపరాదు. వాటి ఆయిలు గది వేఱుగా నుండును. కలుపుటలో కన్నంచనా పనికిరాదు. పెద్దవాడు మందుసీసా మూతను కొలతగా పెట్టుకొని, కలిపిన డబ్బా మెడకు ఎఱ్ఱదారము కట్టుచుండెను. చీకటిలో తడిమి చూచినను ఏది కలిపినదో ఏది కలుపనిదో తెలియును. కలుపని పెట్రోలు పోసిన మోటారు కొన్ని నిమిషములలోనే లోపల గీచుకొని బిగిసిపోవును. అటుపైని దానిని సముద్రములోనే కాదు, బజారులోను బాగుచేయుట కష్టము.

కిరసనాయిలుమీద నడచు మోటారును ఆపుటకు కొన్ని నిమిషములముందు పెట్రోలునకు మార్చవలెను. అట్లు చేయక ఆపినచో కార్బురేటరులో కిరసనాయిలు నిలిచి, మరునాటి ఉదయము చల్లని మోటారు లేవదు. ప్లగ్గు మసిబాఱును. ఈ చిన్నపని మఱచిన యొక కుఱ్ఱవాడు తెల్లవారుజామున చేతులు పొక్కులెక్కునట్లు తాడు లాగుట నా కన్నుల చూచితిని.

ఇక నూనె లెక్క. ఎనిమిది గుఱ్ఱముల టూస్ట్రోకు మోటారు నిండు వేగమున గంటకు సుమారు నాలుగు లీటర్లు త్రాగును. వేగము కొంత తగ్గించినచో ఖర్చు అంతకంటె హెచ్చుగా తగ్గును. పెద్దవాడు తెచ్చిన నూనెను మూడు పాళ్లు చేసెను: ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు, మూడవది గాలి పాలు. ఎదురుగాలి కొట్టినచో వచ్చుదారికి రెండింతల నూనె పట్టును. చేపలు ఇంకొంచెము దూరమున నున్నవని తెలిసినను గాలి పాలులో చేయిపెట్టడు. పంటలో పాలు పంచుకొను మన రైతులకు ఈ లెక్క వేఱుగా బోధింప నక్కఱలేదు.

చల్లదనము సంగతి. నడచుచున్న మోటారు వెనుక ప్రక్కనుండి సన్నని నీటిధార ఎడతెగక చిమ్ముచుండును. లోపలి రబ్బరు ఆకుల చక్రము సముద్రపు నీటిని పైకి తోడి ఇంజను చుట్టు త్రిప్పి బయటికి పంపుచున్నదనుటకు అది గుర్తు. మోటారు దగ్గఱ కూర్చున్నవాడు వల చూచుచున్నను, చుట్ట కాల్చుచున్నను, ఒక కన్ను ఆ ధారమీదనే యుండవలెను. (చుట్ట నూనె డబ్బాలవద్ద కాల్చరాదని నేను అంటిని, అతడు నవ్వి నావ ముక్కుకడకు పోయెను.) మూడవనాడు ఆ ధార సన్నగిల్లి ఆగెను. తక్షణమే మోటారు ఆపి పైకెత్తి చూడగా, నీరు పీల్చు జల్లెడకు పాలపొట్లమువంటి ప్లాస్టిక్కు కవరు అంటుకొనియుండెను. ఊడబెఱికి మరల నడపిరి. అట్లు చూడకున్నచో పదినిమిషములలో ఇంజను మాడియుండెడిది. జల్లెడ శుభ్రముగానున్నను ధార రాకున్నచో రబ్బరు చక్రము అఱిగినదని గ్రహింపవలెను. దానిని నీరులేక గట్టుమీద త్రిప్పినచో నిమిషములోనే కాలును. ఒడ్డున నిలిపి మోటారు ధ్వని విని ఆనందించువారు పలువురు ఈ విధముగనే చెఱపుదురు. బావి యొద్ద చల్లబఱచు నీటిగొట్టము ఊడియుండగా డీజిలు ఇంజనును నడపుటయు ఇట్టిదే. చేయి పెట్టలేనంత వేడి ఎక్కినదని తెలిసినను, మడి తడియవలె ననెడు ఆశతో ఇంకొక అరగంట నడపువారిని చూచుచున్నాము. మఱియు, మండుచున్న ఇంజనుమీద చల్లని నీరు కుమ్మరింపరాదు, ఇనుము పగులును.

పంకా కడ్డీకి గుచ్చియుండు చిన్న మేకునుగూర్చి యొక మాట. కొన్ని మోటారులలో పంకా రాతికో మొద్దుకో తగిలినప్పుడు ఈ మేకు తెగి, లోపలి పండ్లచక్రములను కాపాడును. తెగుటయే దాని పని. తెగినదని దాని స్థానమున గట్టి ఇనుప మేకు కొట్టినవాడు మరుమాఱు మేకునకు బదులు పండ్లచక్రములనే పోగొట్టుకొనును. ట్రాక్టరు పీటీవో షాఫ్టు తెగు బోల్టునకు బదులు గట్టి బోల్టు వేసి గేరుపెట్టె పగులగొట్టుకొనుట మనవారికి తెలియనిది కాదు. పెద్దవాడు ఇట్టి మేకులు ఆఱింటిని మైనపుగుడ్డలో చుట్టి మోటారు మూతలోపలనే అంటించి యుంచెను.

అతని పనిముట్ల డబ్బా నేను విప్పించి చూచితిని. కొత్త ప్లగ్గులు రెండు, ప్లగ్గు పానా, చిన్న పానాలు నాలుగు, స్క్రూడ్రైవరు, కటింగు ప్లయరు, లాగుడుతాడు ఒకటి అదనముగా, రబ్బరు చక్రము, గొట్టపు ముక్కయు బిగింపులును, రాగితీగ, గరుకు కాగితము, గ్రీజు, పొడిగుడ్డ. ప్లగ్గులను మూత బిగువైన సీసాలో పెట్టియుండెను. తడిసిన ప్లగ్గు కొత్తదైనను నిప్పు పుట్టింపదు. మోటారునకు ఇనుప బిగింపులు రెండుండగా, వాటికి తోడు దానిని నావకు కట్టిన నైలాను త్రాడొకటి యుండెను. బిగింపులు కుదుపునకు సడలును. ప్రతి ఉదయము వాటిని చేతితో బిగించి చూచుచుండెను.

మోటారు నీటిలో పడినచో? అతనికి ఒకసారి అట్లయినదట. పడిన మోటారును తీసి ఎండలో ఆరబెట్టుట మూఢత్వము. గాలి తగిలిన గడియనుండి ఉప్పు లోపలి ఇనుమును తినజొచ్చును. వెంటనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు తీసి, తలక్రిందుచేసి నీరు కార్చి, మెల్లగా తాడు లాగి లోపలి నీరు చిమ్మించి, ప్లగ్గు రంధ్రములలో ఆయిలు పోసి, తొట్టిలో కొత్త నూనె పోసి ఆ గంటలోనే నడపవలెను. ఇసుక చేరినదన్న అనుమానమున్నను, త్రిప్పునప్పుడు పట్టుకొన్నట్లున్నను బలవంతముగా త్రిప్పరాదు. వెంటనే బాగుచేయు వీలు లేనిచో దానిని మంచినీటి పీపాలో ముంచియే యుంచవలెను. వినువారికి ఇది వింతగా నుండును గాని, నీటిలో మునిగియున్న ఇనుమునకంటె తడిసి గాలిలో నున్న ఇనుమునకే తుప్పు త్వరగా పట్టును. వరదలో మునిగిన మోటారు పంపులకును ఇంజనులకును ఈ యాలస్యమే శత్రువు.

మోటారును ఎంత చక్కగా చూచుకొన్నను దానినే నమ్ముకొనరాదని ఆ తీరమువారికి తెలియును. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానులో భైరవపాలెము మొదలగు పల్లెలనుండి పోయిన జాలరులు పెక్కుమంది తిరిగి రాలేదు. ఆ పేరు ఎత్తినప్పుడు పెద్దవాడు మాటలాడలేదు; కొడుకు మాట మార్చెను. నేడు హైదరాబాదునందే 1999లో నెలకొల్పబడిన సముద్ర సమాచార కేంద్రము, ఇన్‌కాయిస్ అనునది, అలల యెత్తును గాలిని చేపలు దొరకు తావులను ముందుగా తెలుపుచున్నది. సముద్రమున ఆపదలో నున్నవారికి తీరరక్షక దళమువారి 1554 అను ఫోను సంఖ్య కలదు. అయినను ఆ నావలో తెడ్లు రెండు, మడిచిన తెరచాప ఒకటి ఎప్పుడును ఉండెను.

ఒడ్డు చేరిన సాయంకాలము అందఱును చేపల లెక్కలో నుండగా, మేనల్లుడు మోటారును విప్పి మంచినీటి పీపాలో నిలిపి కొన్ని నిమిషములు నడపెను. లోపలి ఉప్పు కడిగిపోయిన తరువాత నూనె గొట్టము ఊడదీసి, కార్బురేటరులోనున్నది కాలి తనంతట తానే ఆగువఱకు ఉంచెను. చేపలు అమ్మిన తరువాత ఈ పని చేయుదమని విడిచినచో ఎన్నడును జరుగదట. తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు 61 దినములు మోటారు నావలకు వేట నిషేధము. ఆ దినములలో మోటారును విప్పి, పంకా ప్రక్కనున్న గేరాయిలు కార్చి చూతురు. ఆయిలు మజ్జిగవలె తెల్లబాఱినచో నీరు చేరినదని యర్థము; రబ్బరు వాషరులు మార్పింతురు.

మన మందుకొట్టెడు యంత్రము ఏడాదిలో కొన్ని వారములు మాత్రమే పనిచేసి తక్కిన నెలలన్నియు అటుకుమీద నుండును. తొట్టిలోనున్న పెట్రోలు ఆవిరియై కార్బురేటరులో జిగురు మిగులును. పురుగు కనబడిన దినమున, వాన రాబోవు గంటలో, అది లేవదు. ఆఖరు మందు కొట్టిన నాడే తొట్టి ఖాళీచేసి, కార్బురేటరులోనిది కాలిపోవువఱకు నడపి, ప్లగ్గు తీసి చెంచాడు ఆయిలు పోసి రెండుమాఱులు తాడు లాగి మరల బిగించి పెట్టవలెను. పావుగంట పని. డీజిలు ఇంజను నూనె పూర్తిగా అయిపోయి ఆగినచో, నూనె పోసినంతమాత్రమున లేవదు; గొట్టములలో గాలి చేరియుండును. ఫిల్టరువద్ద గాలి మరను సడలించి, చేతి మీటను ఆడించి, బుడగలు లేని నూనె కారువఱకు చూచి బిగించి, పిమ్మట ఇంజెక్టరు గొట్టపు నట్టువద్దను అట్లే చేయవలెను. ఇది నేర్చుకొనుటకు ఒక ఉదయము చాలును. నేర్పుమని అడిగినవారి బావియొద్దకు నేను వచ్చెదను.

సంఘమువారికి ఒక విన్నపము. 2016లో మండలమైన మన పెద్దవంగరలో ఎరువుల సంచులకు చోటున్న గోదాములో ఒక చెక్కపెట్టెకును చోటుండును. ఇంటింటను విడిభాగములు దాచుకొను స్తోమత చిన్నరైతునకు లేదు. సంఘము పక్షమున ఆ పెట్టెలో వాడుకలోనున్న రకముల ప్లగ్గులు నాలుగేసి, ప్లగ్గు పానాలు రెండు, డీజిలు ఫిల్టరులు, రాగి వాషరులు, నూనె గొట్టము రెండు మీటరులు, టూస్ట్రోకు ఆయిలు కొలుచు గ్లాసు ఒకటి ఉంచవలెను. పెట్టె మూతకు ఒక పుస్తకము కట్టవలెను. తీసికొన్నవాడు తన పేరును, యంత్రమునకు వచ్చిన దోషమును, అది దేనివలన కుదిరెనో దానిని రెండు పంక్తులలో వ్రాసి, వారములోగా కొత్త వస్తువు తెచ్చి పెట్టవలెను. వ్రాయుట రానివాని మాటను కార్యదర్శి వ్రాయును. మొదటి పుటలో తొట్టి మూత బిగించినవాని కథను నేనే వ్రాసెదను.